కార్డు నంబరు దొంగ చేతికి చిక్కినా డబ్బు పోకుండా ఆన్‌లైన్‌లో చెల్లించడం ఎలా?

క్రెడిట్ కార్డు నంబరు రహస్యమని అనుకుంటూనే వస్తువులు కొనే ప్రతి చోటా దాన్ని టైపు చేస్తాం, ఫోనులో చదివి వినిపిస్తాం, కార్డునే వేరొకరి చేతికి ఇచ్చి పంపిస్తాం. ఇంతమందికి తెలిసిన నంబరును రహస్యమని నమ్మి ధీమాగా కూర్చోవడం తగదు. అందువల్ల కింద చెప్పే పద్ధతి నంబరును దాచుకోవడంతో మొదలు కాదు. ఏదో ఒకనాడు అది బయటపడుతుందనే లెక్క వేసుకుని, బయటపడినా ఎవరూ పెద్ద మొత్తం లాగలేకుండా, ఒకవేళ లాగినా నిమిషాల్లో మీకు తెలిసేలా, తెలిసిన మరుక్షణం ఏం చేయాలో వెతుక్కోనక్కర లేకుండా ముందే ఏర్పాట్లు చేసుకోవడమే దీని ఉద్దేశం. ఈ ఏర్పాట్లలో చాలావాటిని బ్యాంకు యాప్ తెరుచుకుని ఒక్క పూటలో ముగించవచ్చు.

దొంగకు కావలసిందేమిటి?

మీ కార్డును ఒకసారి చేతిలోకి తీసుకోండి. చాలా కార్డుల మీద 16 అంకెలుంటాయి. వాటిలో మొదటి 6 లేదా 8 అంకెలు కార్డు జారీ చేసిన సంస్థను సూచిస్తాయి కాబట్టి, అదే రకం కార్డు ఉన్న వేలాది మందికి అవే అంకెలుంటాయి. చివరి అంకె తనిఖీ కోసం ఉన్నది. ముందున్న అంకెలను ఒక చిన్న లెక్కలో వేస్తే అది దానంతట అదే తేలుతుంది. ఐబీఎం ఇంజనీరు హాన్స్ పీటర్ లూన్ ఈ లెక్కకు 1954లో పేటెంటు దరఖాస్తు చేశారు. టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పుపడితే పట్టుకోవడానికే ఆ ఏర్పాటు, దొంగను ఆపడానికి కాదు. ఇక గడువు తేదీ సంగతి చూస్తే, అయిదేళ్లు చెల్లే కార్డుకు 60 నెలలకు మించి సాధ్యం కావు. వెనకవైపున్న సీవీవీ మూడంకెలే కాబట్టి దానికి 1000 అవకాశాలు మాత్రమే ఉన్నాయి. మనిషికి ఇది పెద్ద పనే గానీ, వందల వెబ్‌సైట్ల మీద కొన్నేసి ప్రయత్నాలు చొప్పున పంచి పరీక్షించే ప్రోగ్రాముకు పెద్ద పని కాదు. బీరువాలోంచి బయటికే తీయని కార్డు మీద కూడా ఒక్కోసారి తెలియని ఖర్చు పడేది ఇందువల్లే. అలా జరిగినప్పుడు ‘నేనెక్కడ పొరపాటు చేశాను?’ అని రోజంతా తవ్వుకుంటూ కూర్చోవడం కంటే ఫిర్యాదు త్వరగా చేయడం మేలు.

దొంగతనం ఆన్‌లైన్ వైపు మళ్లడానికి కారణం కార్డు మీది చిప్పే. అయస్కాంత పట్టీ ఉన్న కాలంలో పట్టీలోని సమాచారాన్ని నకలు చేసి దొంగ కార్డు తయారు చేసేవారు. చిప్ ప్రతి చెల్లింపుకూ కొత్త సంకేతం పుట్టిస్తుంది కాబట్టి నకలు పనికిరాకుండా పోయింది. అమెరికాలో 2015 అక్టోబరు నుంచి, చిప్ కార్డును చదివే యంత్రం పెట్టుకోని దుకాణమే నకిలీ కార్డు నష్టాన్ని భరించాలని కార్డు సంస్థలు నిబంధన తెచ్చాక అక్కడ కూడా చిప్ వాడకం పెరిగింది. అయితే ఆన్‌లైన్‌లో చిప్‌కు పని లేదు. అక్కడ కార్డు మీద అచ్చయిన అంకెలే కార్డు. కాబట్టి వాటిని సంపాదించడమే దొంగల ప్రధాన వృత్తి అయింది.

సంపాదించే దారులు ముఖ్యంగా మూడు. మొదటిది వ్యాపారుల కంప్యూటర్లలోకి చొరబడటం. అమెరికాలోని టార్గెట్ దుకాణాల నుంచి 2013 చివరి వారాల్లో సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. దొంగలు లోపలికి వెళ్లింది ఆ దుకాణాలకు శీతలీకరణ పనులు చేసే కాంట్రాక్టరు లాగిన్ వివరాలతో. రెండోది, అసలు వెబ్‌సైటులోని చెల్లింపు పేజీలోనే దొంగ కోడ్ చొప్పించడం. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైటులో జరిగింది ఇదే. సుమారు 22 వరుసల కోడ్, ప్రయాణికులు టైపు చేస్తున్న కార్డు వివరాలను టైపు చేసినవి చేసినట్టుగా మరో సర్వరుకు పంపింది. బ్రిటన్ సమాచార కమిషనరు కార్యాలయం 2020లో ఆ సంస్థకు 2 కోట్ల పౌండ్ల జరిమానా విధించింది. మూడోది, మీ చేతే మీ వివరాలు టైపు చేయించుకోవడం.

మొదటి రెండింటిని మీరు ఆపలేరు. అక్కడ నష్టాన్ని చిన్నదిగా ఉంచడమే మీ చేతిలో ఉంది. మూడోదాన్ని మాత్రం మీరే ఆపగలరు.

1. ఆన్‌లైన్‌కు ఒక కార్డును వేరుగా పెట్టుకోండి

ఇంటర్నెట్‌లో కొనడానికి ఒకే ఒక కార్డును ఎంచుకుని, మిగతా కార్డులన్నిటికీ ఆన్‌లైన్ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో ఆపివేయండి. ఎంచుకున్న కార్డుకు మీ నెలసరి కొనుగోళ్లకు కాస్త మించేంత పరిమితి మాత్రమే పెట్టండి. ఒకనాడు పెద్ద వస్తువు కొనవలసి వస్తే ఆ పూటకు పరిమితి పెంచి, చెల్లింపు పూర్తి కాగానే తగ్గించవచ్చు. విదేశీ లావాదేవీల మీట వేరుగా ఉంటే అవసరం లేనన్నాళ్లు దాన్ని మూసి ఉంచండి. దీని వెనక గట్టి కారణం ఉంది గానీ, అది ఓటీపీ గురించి చెప్పేటప్పుడు వస్తుంది.

ఆ కార్డు డెబిట్ కార్డు కాకుండా క్రెడిట్ కార్డు అయితే మంచిది. అప్పు చేయమని చెప్పడం కాదిది. డెబిట్ కార్డు మీద దొంగతనం జరిగితే పోయేది మీ ఖాతాలో ఉన్న డబ్బు. విచారణ తేలేలోగా అద్దె, ఫీజులు, వాయిదాలు ఆగిపోతాయి. క్రెడిట్ కార్డు మీద జరిగితే గొడవ బ్యాంకు డబ్బు గురించి. మీరు చేయవలసింది ఆ మొత్తాన్ని అంగీకరించడం లేదని రాతపూర్వకంగా చెప్పడం. రెండూ దొంగతనాలే అయినా, ఒకదానిలో మీ డబ్బు తిరిగి ఇవ్వమని మీరు అడుగుతారు, రెండోదానిలో కట్టమని బ్యాంకు మిమ్మల్ని అడుగుతుంది. డెబిట్ కార్డు తప్ప మార్గం లేనివారు, జీతం పడే ఖాతాకు సంబంధం లేని రెండో ఖాతా తెరిచి, కొనేముందు కావలసినంత మాత్రమే అందులోకి మార్చుకోవడం ఉత్తమం.

మీ బ్యాంకు వర్చువల్ కార్డు ఇస్తుంటే దాన్ని తప్పక వాడండి. అసలు కార్డుకు బదులుగా యాప్‌లోనే పుట్టే వేరే నంబరు అది. కొన్ని ఒక్క చెల్లింపుతోనే చెల్లకుండా పోతాయి, కొన్నింటికి మొత్తాన్ని, గడువును మీరే నిర్ణయించవచ్చు. ముందెన్నడూ కొనని సైటులో, లేదా ‘మొదటి నెల ఉచితం’ అంటూ కార్డు అడిగే చోట ఇది చాలా ఉపయోగం. ఆ నంబరు దొంగిలించినవాడికి వాడేసిన టికెట్టు దొరికినట్టే.

2. ప్రతి పైసాకూ సందేశం వచ్చేలా చేయండి

బ్యాంకు యాప్‌లో హెచ్చరికల విభాగం తెరిచి, కనీస మొత్తం అనే చోట ఏమైనా అంకె ఉంటే దాన్ని సున్నా చేయండి. చాలామంది ‘చిన్నవాటికి సందేశాలెందుకు, విసుగు’ అని పరిమితి పెట్టుకుంటారు. కానీ దొంగ మొదట తీసేది చిన్న మొత్తమే. చేతికి చిక్కిన నంబరు పని చేస్తోందా లేదా అని చూసుకోవడానికి అతి తక్కువ మొత్తంతో పరీక్షించి, అది దాటితేనే అసలు పని మొదలుపెడతాడు.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. ఒక అర్ధరాత్రి, ఎన్నడూ వినని పేరుతో, లెక్కలోకి తీసుకోనంత చిన్న మొత్తం నా కార్డు మీద పడింది. దీనికోసం ఇప్పుడు ఫోను చేయడమేమిటని బద్ధకించి పడుకున్నాను. తెల్లవారి చూస్తే అదే పేరుతో నాలుగు సందేశాలు వరుసగా ఉన్నాయి. అవి చిన్నవి కావు. డబ్బు చివరికి తిరిగి వచ్చింది గానీ, దానికి రెండు నెలలు పట్టింది. ఆ రాత్రి యాప్ తెరిచి కార్డును ఆపి ఉంటే అర నిమిషంలో ఆ బెడద తీరిపోయేది.

సందేశాలు వచ్చే ఫోను నంబరు, ఈమెయిలు ఇప్పుడు మీరు వాడుతున్నవేనా అని కూడా చూసుకోండి. పాత నంబరు వదిలేస్తే కొంతకాలానికి అది మరొకరికి వెళ్తుంది, దానితోపాటు మీ బ్యాంకు సందేశాలు కూడా వెళ్తాయి.

3. సైటు అడ్రసును చదవడం నేర్చుకోండి

అడ్రసు పక్కన తాళం గుర్తు ఉంటే సైటు మంచిదని చాలా ఏళ్లుగా చెబుతూ వచ్చారు. ఆ మాటను ఇక మరచిపోవాలి. మీ బ్రౌజరుకు, ఆ సైటుకు మధ్య నడిచే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే తాళం చెబుతుంది. అవతల ఉన్నది వ్యాపారా, దొంగా అన్నది దానికి పట్టదు. ఇందుకు కావలసిన సర్టిఫికెట్లు ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతున్నాయి కాబట్టి దొంగ సైట్లకూ తాళం ఉంటుంది. ఈ అపోహ ఎంత పాతుకుపోయిందంటే, గూగుల్ 2023 సెప్టెంబరులో క్రోమ్ బ్రౌజరు నుంచి తాళం బొమ్మనే తీసేసి మరో గుర్తు పెట్టింది. తాళం లేని పేజీలో కార్డు వివరాలు ఇవ్వకూడదన్నది నిజమే. ఉన్నంత మాత్రాన ఇవ్వవచ్చునన్నది నిజం కాదు.

చూడవలసింది పేరును. అడ్రసులో ‘హెచ్‌టీటీపీఎస్’ తర్వాత వచ్చే రెండు గీతలను వదిలేసి, ఆ తర్వాత మొదటి ఏటవాలు గీత ఎక్కడుందో చూడండి. అక్కడి నుంచి ఎడమవైపుకు, అంటే వెనక్కి చదవండి. మీ బ్యాంకు అసలు అడ్రసు ‘మీబ్యాంకు డాట్ కామ్’ అనుకుందాం. ‘చెల్లింపు డాట్ మీబ్యాంకు డాట్ కామ్’ అని ఉంటే వెనక నుంచి మొదట ‘కామ్’, దానికి ముందు ‘మీబ్యాంకు’ వస్తాయి, అది బ్యాంకుదే. ‘మీబ్యాంకు డాట్ చెల్లింపు డాట్ కామ్’ అని ఉంటే ‘కామ్’కు ముందున్నది ‘చెల్లింపు’; ఆ పేరును ఎవరు కొనుక్కున్నారో వారిదే ఆ సైటు, ఎడమవైపు మీ బ్యాంకు పేరు ఎంత స్పష్టంగా కనిపించినా సరే. ‘మీబ్యాంకు-చెల్లింపు డాట్ కామ్’ అని అడ్డుగీతతో కలిపి రాసినదీ అంతే, అది పూర్తిగా వేరే పేరు. ‘డాట్ కో డాట్ యూకే’ వంటి జంట చివరలు ఉన్నప్పుడు మాత్రం ఆ రెండింటినీ ఒకటిగా లెక్కపెట్టి దానికి ముందున్న మాటను చూడాలి. ఫోను తెరమీద పొడవైన అడ్రసు మొత్తం కనిపించదు కాబట్టి, అడ్రసు పట్టీని ఒకసారి తాకి పూర్తిగా చూడటం అలవాటు చేసుకోండి.

ఇంత పరిశీలన ప్రతిసారీ ఎవరికీ సాధ్యం కాదు. దానికన్నా సులువైనది, సందేశంలోనో ఈమెయిలులోనో వచ్చిన లింకు ద్వారా ఎప్పుడూ చెల్లింపు చేయకపోవడం. పార్శిల్ ఆగిపోయింది, సభ్యత్వం ముగిసింది, జరిమానా బాకీ ఉంది అని ఏ సందేశం వచ్చినా, లింకును అలాగే వదిలేసి, ఆ సంస్థ యాప్‌ను మీరే తెరవండి, లేదా అడ్రసును మీరే టైపు చేయండి. బాకీ నిజమైతే అక్కడ కూడా కనిపిస్తుంది. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటనలను కూడా లింకుల కిందే లెక్కవేయండి, ఎందుకంటే డబ్బు కట్టి ఆ స్థానం కొనుక్కున్న నకిలీ సైట్లు అక్కడ పదేపదే బయటపడ్డాయి.

పాస్‌వర్డ్ మేనేజర్ వాడేవారికి అదనంగా ఒక కాపలాదారు ఉన్నట్టే. మీరు దాచిన పాస్‌వర్డును అది అసలు అడ్రసులోనే నింపుతుంది. రూపం అచ్చంగా అలాగే ఉన్నా అడ్రసులో ఒక్క అక్షరం తేడా ఉంటే నింపదు. ‘ఇదేమిటి, ఈ రోజు నింపడం లేదు’ అని విసుక్కుని చేత్తో టైపు చేయబోయే ముందు అడ్రసును మళ్లీ చూడండి.

4. కార్డు వివరాలు ఇచ్చేటప్పుడు

చెల్లింపు పేజీలో ‘ఈ కార్డును దాచిపెట్టు’ అనే గడిలో చాలాసార్లు ముందే టిక్కు పెట్టి ఉంటుంది. తరచుగా కొనని చోట దాన్ని తీసేయండి. వీలైతే ఖాతా తెరవకుండా అతిథిగానే కొనండి. చెల్లింపు సంస్థల భద్రతా ప్రమాణమైన పీసీఐ డీఎస్ఎస్ 2004లో మొదటిసారి వచ్చింది. దాని ప్రకారం చెల్లింపు ఆమోదం పొందాక వ్యాపారి సీవీవీని దాచకూడదు. అందుకే పాత దొంగతనాల్లో బయటపడిన నంబర్ల పట్టికల్లో చాలావాటికి సీవీవీ ఉండదు. ఉంటే గనక, ఎవరో టైపు చేస్తుండగా పట్టుకున్నారని అర్థం. చెల్లింపు పేజీల్లో చొప్పించే కోడ్‌ను వ్యాపారులే కనిపెట్టి చూడాలన్న కొత్త నిబంధనలు అదే ప్రమాణంలో 2025 మార్చి 31 తర్వాత తప్పనిసరి అయ్యాయి.

కార్డును వ్యాపారి దగ్గర దాచక తప్పనప్పుడు టోకెన్ పద్ధతి ఉందేమో చూడండి. మీ నంబరుకు బదులుగా ఆ ఒక్క వ్యాపారికే చెల్లే మరో నంబరును కార్డు సంస్థ సృష్టించి ఇస్తుంది. ఆ వ్యాపారి సర్వరు నుంచి దాన్ని దొంగిలించినా మరోచోట చెల్లదు. ఫోనులోని చెల్లింపు వాలెట్లూ ఇదే సూత్రం మీద నడుస్తాయి కాబట్టి, పేజీలో ఆ మీట కనిపిస్తే అంకెలు టైపు చేయడం కన్నా దాన్ని నొక్కడమే మంచిది.

బహిరంగ వైఫై గురించి ఉన్న భయం ఉండవలసిన దానికన్నా ఎక్కువే. పైన చెప్పిన తాళం ఆ పనికి బాగానే సరిపోతుంది. భయపడవలసింది ఇతరుల కంప్యూటర్ గురించి. మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ నమోదు చేసే ప్రోగ్రాము అందులో ఉంటే మీకు తెలిసే మార్గం లేదు. కార్డు ఫొటో తీసి ఎవరికీ పంపవద్దు, ఇంట్లోవారికైనా సరే. ఆ ఫొటో ఇద్దరి ఫోన్లలో, ఇద్దరి బ్యాకప్‌లలో ఏళ్ల తరబడి మిగిలిపోతుంది.

5. ఓటీపీ సందేశాన్ని మొత్తం చదవండి

ఇక్కడ తొందర పడవద్దు, ఎందుకంటే చాలామంది డబ్బు ఈ మెట్టు దగ్గరే పోతోంది. ఓటీపీ రాగానే మన కళ్లు ఆరంకెల కోసం వెతుకుతాయి, చుట్టూ ఉన్న మాటలను వదిలేస్తాయి. ఫోను కూడా ఆ అంకెలను తానే ఏరి కీబోర్డు మీద చూపిస్తుంది కాబట్టి సందేశం తెరవనే తెరవం. ఆ అలవాటే దొంగకు పెట్టుబడి.

ఒక ఉదాహరణ చూడండి. పార్శిల్ చేరవేయడానికి చిన్న రుసుము కట్టాలని ఒక సందేశం వస్తుంది. లింకు తెరిస్తే కొరియర్ సంస్థదిలా కనిపించే పేజీ ఉంటుంది. అందులో కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ ఇస్తారు. ‘రుసుము చెల్లించడానికి ఓటీపీ నమోదు చేయండి’ అని పేజీ అడుగుతుంది. అదే క్షణంలో మీ బ్యాంకు నుంచి నిజమైన సందేశమే వస్తుంది. అందులో ఇలా ఉంటుంది: ‘4821తో ముగిసే మీ కార్డును కొత్త మొబైల్ పరికరానికి జత చేయడానికి ఓటీపీ 771204. ఎవరికీ చెప్పవద్దు.’ పేజీ రుసుము అంటోంది, బ్యాంకు పరికరం అంటోంది. దొంగ మీ వివరాలు అందుకున్న వెంటనే వాటిని తన ఫోనులోని వాలెట్‌లో ఎక్కించే ప్రయత్నం మొదలుపెట్టాడు. బ్యాంకు ‘ఇది మీరేనా?’ అని అడుగుతోంది. మీరు ఆ ఆరంకెలు కొడితే అతని ఫోనే మీ కార్డు అవుతుంది. ఆపైన దుకాణాల్లో ఆ ఫోనును యంత్రం మీద ఆనిస్తే చాలు, ప్రతిసారీ మీకు ఓటీపీ రాదు. సందేశంలో ‘కొత్త మొబైల్ పరికరం’ అన్న మాట చదివి ఉంటే కథ అక్కడితో ముగిసేది.

కాబట్టి ప్రతిసారీ మూడు విషయాలు సరిపోల్చండి: ఎంత మొత్తం, ఎవరికి, ఏ పనికి. ఒక్కటి కలవకపోయినా పేజీ మూసేసి, ఆ కార్డును ఆపివేయండి. వ్యాపారి పేరు ఒక్కోసారి సైటు పేరులా కాకుండా వారి మాతృసంస్థ పేరులా ఉంటుందన్నది నిజమే. అలాంటప్పుడు మళ్లీ మొదలుపెట్టవచ్చు, మించిపోయేదేమీ లేదు. మీరు ఏమీ కొనకుండానే ఓటీపీ వస్తే, మీ కార్డు వివరాలు ఇప్పటికే ఎవరి దగ్గరో ఉన్నాయని, తలుపు దగ్గర ఆగిపోయారని అర్థం. అది పొరపాటున వచ్చిందని వదిలేయక కార్డు మార్పించుకోండి. ఆ తర్వాత ఫోను మోగి, బ్యాంకు మోసాల విభాగం నుంచి మాట్లాడుతున్నామని, ఆ లావాదేవీని రద్దు చేయడానికి ఓటీపీ చదవమని అడిగితే, మాట్లాడుతున్నవాడే ఆ లావాదేవీ మొదలుపెట్టినవాడు. రద్దుకు ఓటీపీతో పని లేదు. మీ తెరను తాము చూసే యాప్ ఒకటి దించుకోమని అడిగేవాడి సంగతీ ఇంతే. తెర కనిపిస్తే ఓటీపీని మీరు చదివి వినిపించనక్కర కూడా లేదు.

ఇప్పుడు విదేశీ మీట సంగతి. ‘ఓటీపీ రాకుండానే డబ్బు పోయింది, ఎలా సాధ్యం?’ అని చాలామంది ఆశ్చర్యపోతారు. ఓటీపీ అడిగే ఏర్పాటు పేరు త్రీడీ సెక్యూర్. దాన్ని వీసా సంస్థ ఈ శతాబ్దం మొదట్లో ప్రవేశపెట్టింది. ప్రస్తుత రూపానికి పునాది వేసిన రెండో వెర్షన్ 2016లో వెలువడింది. దాన్ని వాడాలని కొన్ని దేశాల నియంత్రణ సంస్థలు తప్పనిసరి చేశాయి. మిగతాచోట్ల వాడాలా వద్దా అన్నది వ్యాపారి ఇష్టం. అలా ఓటీపీ అడగని దేశంలోని సైటులో మీ నంబరు వాడితే అంకెలు చాలు. ఇందులో మీకు కలిసివచ్చే అంశం కూడా ఒకటుంది. కార్డు సంస్థల నియమాల ప్రకారం, త్రీడీ సెక్యూర్ లేకుండా తీసుకున్న చెల్లింపు దొంగదని తేలితే నష్టం సాధారణంగా వ్యాపారి మీద పడుతుంది కాబట్టి మీ ఫిర్యాదు తేలికగా నెగ్గుతుంది. ఓటీపీతో జరిగినదైతే బ్యాంకు ముందుగా అడిగేది ‘మీరే ఇచ్చారు కదా’ అని.

ఇంకొక జాగ్రత్త. ఫోనులో ఉన్నట్టుండి సిగ్నల్ పోయి గంటల తరబడి రాకపోతే, మరో ఫోను నుంచి మీ మొబైల్ సంస్థను అడగండి. మీ పేరుతో మరో సిమ్ తీసుకుని ఓటీపీలను తమవైపు మళ్లించుకోవడం పాత ఎత్తే గానీ ఇంకా నడుస్తూనే ఉంది. బ్యాంకు యాప్‌లోనే ఆమోదం తెలిపే పద్ధతి ఉంటే ఎస్ఎంఎస్ కన్నా దాన్నే ఎంచుకోండి.

6. జరిగిపోతే

వరుస ముఖ్యం. ముందు యాప్‌లో కార్డును ఆపివేయండి; ఎవరికైనా ఫోను చేసేముందు, ఏం జరిగిందో అర్థం కాకముందే. ఆపిన కార్డును మళ్లీ తెరవడం ఒక మీట పని. తర్వాత, కార్డు వెనక అచ్చయి ఉన్న నంబరుకు ఫోను చేయండి. సెర్చ్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు చేయవద్దు, దొంగలు అక్కడ కూడా తమ నంబర్లు పెడతారు. కార్డు పోతే వెనక నంబరు కూడా పోతుంది కాబట్టి ఈ రోజే దాన్ని ఫోనులో దాచుకోండి. మాట్లాడేటప్పుడు కార్డును శాశ్వతంగా రద్దు చేయమని, మీకు సంబంధం లేని లావాదేవీలు ఫలానావని స్పష్టంగా చెప్పి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. ఫోనుతో సరిపెట్టకుండా అదే రోజు ఈమెయిలులోనో యాప్‌లోనో రాతపూర్వకంగా పంపండి. తేదీ, సమయం, మొత్తం, వ్యాపారి పేరు, ఫిర్యాదు సంఖ్య అందులో ఉండాలి. సందేశాల స్క్రీన్‌షాట్లు తీయండి, ఏదీ తుడిచివేయకండి. పోలీసులకు ఫిర్యాదు చేసి దాని నకలు కూడా బ్యాంకుకు జతచేయండి.

తొందర ఎందుకంటే, చట్టాలన్నీ గడియారం చూస్తాయి. భారత రిజర్వు బ్యాంకు 2017 జులైలో జారీ చేసిన ఆదేశాల ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మరెక్కడో జరిగినప్పుడు, సమాచారం అందిన 3 పని దినాల్లో తెలియజేస్తే ఖాతాదారుకు నష్టమేమీ ఉండదు. ఆలస్యమైతే వాటా పెరుగుతుంది. ఓటీపీ చెప్పడం వంటి నిర్లక్ష్యం ఉంటే, ఫిర్యాదు చేసే క్షణం వరకు పోయినదంతా ఖాతాదారుదే. అమెరికాలో క్రెడిట్ కార్డు అనధికార వాడకానికి ఖాతాదారు బాధ్యత 50 డాలర్లు దాటదు గానీ, డెబిట్ కార్డు పోయినట్టు తెలిశాక 2 పని దినాల్లో చెప్పకపోతే అది 500 డాలర్ల దాకా వెళ్తుంది. ఐరోపా సమాఖ్యలో ఫిర్యాదుకు ముందు జరిగిన నష్టంలో ఖాతాదారు వాటాకు 50 యూరోల పరిమితి ఉంది, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే అది వర్తించదు.

డబ్బు కట్టాక వస్తువు రాకపోవడం, నకిలీది రావడం దొంగతనం కిందికి రావు, అవి వివాదాలు. వాటికి చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బును వ్యాపారి నుంచి వెనక్కి రప్పించమని, బ్యాంకును అడగాలి. వ్యాపారిని ముందు అడిగినట్టు రాతలో ఆధారం చూపాలి. రెంటినీ కలిపి ‘నేను చేయలేదు’ అని చెబితే అబద్ధం అవుతుంది, కేసూ పోతుంది. పోయిన సొమ్ము తిరిగి ఇప్పిస్తామంటూ ముందుగా రుసుము అడిగేవారు ఈలోగా తప్పక తగులుతారు. వారిలో చాలామందికి మీ నంబరు ఇచ్చింది మొదటి దొంగే కావచ్చు.

కొత్త కార్డు వచ్చాక పాతదాన్ని చిప్ మీదుగా కత్తిరించండి. కార్డు మారితే పాత చందాలన్నీ ఆగిపోతాయని అనుకోవద్దు. కార్డు సంస్థలు కొత్త నంబరును వ్యాపారులకు దానంతట అదే చేరవేసే సేవ నడుపుతాయి కాబట్టి, మీరు వదిలేశాననుకున్న చందా కొత్త కార్డు మీద కూడా పడవచ్చు. ఆపవలసినవాటిని ఆయా సైట్లలోనే ఆపండి. వాలెట్‌లో జత చేసిన పరికరాల జాబితా ఇవ్వమని బ్యాంకును అడిగి, మీవి కానివి తీసేయించండి. తర్వాతి రెండు స్టేట్‌మెంట్లను వరుస వరుసా పెన్సిలుతో టిక్కు పెడుతూ చదవండి. టిక్కు పడని వరుస కనిపిస్తే మళ్లీ యాప్ తెరిచి ఆపివేయడం నుంచి మొదలుపెట్టాలి.